మంచు మీద ఒంటిగిర్ర

జూన్ నెలలో మస్కట్‌లో మంచు ఎత్తే పని చేస్తున్నానంటే ఊళ్లో ఎవరూ నమ్మలేదు. నమ్మించాలని చూడటం లింబాద్రి కూడా ఎప్పుడో మానేశాడు. అల్ హైల్‌లో రూమ్ ముందు వ్యాన్ ఎక్కేసరికి, తెల్లారి నాలుగున్నరకే, బనియన్ తడిసి వీపుకు అంటుకుంటుంది. ఇరవై నిమిషాల తర్వాత అదే చెమట చల్లబడి సూదుల్లా గుచ్చుతుంది. మాల్ రెండో అంతస్తులో స్నో పార్క్, లోపల మైనస్ మూడు. పదింటికి పిల్లలు వస్తారు. ఆలోపు ఎనిమిది మంది కలిసి నిన్నటి తొక్కుళ్లకు గట్టిపడ్డ మంచును పారలతో పగలగొట్టి, కొత్త మంచు పోసి, దంతెలతో చదును చెయ్యాలి.

లోపలికి వెళ్లే తలుపు పక్కన కొక్కేలకు జాకెట్లు వేలాడుతుంటాయి. వీపు మీద ఒకటి నుంచి ఎనిమిది దాకా తెల్లటి అంకెలు. కాగితం ప్రకారం ఎవరి జాకెట్ వాళ్లదే. 'నా జాకెట్ నేనే వాడుతున్నాను' అని నెలనెలా అందరూ సంతకాలు కూడా పెడతారు. నిజానికి రెండింటికి జిప్పులు పోయి ఏడాదైంది, మరో రెండు ఎప్పుడు చూసినా తడిగానే ఉంటాయి. తడి జాకెట్‌తో ఆ చలిలోకి ఒకసారి పోయినవాడు రెండోసారి పోడు. అందుకని ముందు వచ్చినవాడు పొడిది అందుకుంటాడు, నంబరు ఎవరూ చూడరు. ఆ శనివారం లింబాద్రి చేతికి ఏడో నంబరు దొరికింది. ఏడు, అతనితో కలిసి పనిచేసే ఇస్తారిది. ఇస్తారి వచ్చి మూడు తొడుక్కున్నాడు. మూడు లింబాద్రిది.

ఆరూ పదికల్లా తన వంతు చదును చేసేసి లింబాద్రి మంచు గుడిసె వెనక్కి వెళ్లి ఒంటిచక్రం సైకిల్ బయటికి తీశాడు. పోయిన చలికాలం ఆటగాళ్ల బృందం ఒకటి వచ్చి నెల రోజులు ఆడి, పెడల్ విరిగిన దాన్ని వదిలేసి పోయింది. పారెయ్యమన్నదాన్ని అతను బాగుచేసుకున్నాడు. రూమ్‌లో అందరూ దాన్ని ఒంటిగిర్ర అంటారు. టైర్‌లో గాలి సగం తీసేస్తే మంచులో దిగబడకుండా వెడల్పుగా ఆనుతుంది. తొక్కేటప్పుడు గిర్ర వైపు చూడకూడదు, ఎదుటి గోడ మీద గీసిన తెల్ల కొండలను చూడాలి. కొత్త మంచులో కాలు ఆపితే పడతావు. జారుడు బండ దగ్గరి గట్టి మంచు మీద నడుము తిప్పితే పడతావు. ఇవన్నీ అతనికి ఎవరూ నేర్పలేదు, మోకాళ్లే నేర్పాయి.

కళ్లు తప్ప మొహమంతా మూసేలా కోతిటోపీ లాక్కుని, గోడను ఒక్క తోపు తోసి, రెండు చేతులూ చాచి బయల్దేరాడు. కింద మంచు కరకరమంటుంటే అతనికి నవ్వొచ్చింది. రోజు మొత్తంలో ఆ పది నిమిషాలే అతనికి నవ్వొచ్చేది. ఆ పది నిమిషాలు అతను ఎవరి కిందా పనిచెయ్యడు, ఎవరికీ ఫోన్ ఎత్తక్కర్లేదు, తనకు ముప్పై ఒక్క ఏళ్లున్న సంగతి కూడా గుర్తుండదు. ఇస్తారి దంతె కట్టె మీద గడ్డం ఆనించి చూస్తూ, మెడ విరిగితే మోసుకపోవుడు నాతోటి కాదు, దిగు అని రోజూ అన్నట్టే ఆ రోజూ అన్నాడు. లింబాద్రి ఇంకొక్క చుట్టు అన్నాడు. ఆ చుట్టులో గుడిసె పక్క మలుపు దగ్గర గిర్ర జారి, గుడిసె వెనకాల దబ్బున పడ్డాడు. లేచి, మంచు దులుపుకుని, నవ్వుకుంటూ ఒంటిగిర్రను దాని చోట పెట్టాడు. పైకప్పులో కెమెరా ఉన్న సంగతీ, గుడిసె వెనక దానికి కనపడదన్న సంగతీ అందరికీ తెలుసు, అది చూసేవాళ్లు ఉన్నారని ఎవరూ అనుకోలేదు.

ఆ గుడిసె వెనకే మెషిన్ రూమ్ తలుపు. ఐస్ గడ్డలను తురిమి మంచు చేసే మెషిన్ అందులో ఉంటుంది. దాని నోటికి ఒకప్పుడు ఇనుప జాలి ఉండేది. గడ్డలు దానికి తట్టుకుని పని ఆగిపోతోందని పండగ రద్దీలో విప్పేశారు, మళ్లీ బిగించలేదు. అప్పటి నుంచి గడ్డ ఇరుక్కున్నప్పుడల్లా కట్టెతో పొడవడం, కట్టె అందకపోతే చెయ్యి పెట్టడం. అందరూ పెట్టారు. లింబాద్రి ఎన్నిసార్లు పెట్టాడో అతనికే లెక్క లేదు.

ఆరూ నలభైకి ఇస్తారి పెట్టాడు. కేక పెద్దగా కూడా రాలేదు. మెషిన్ చప్పుడు మారితే లింబాద్రి పరిగెత్తాడు. మూడో నంబరు జాకెట్ కుడిచెయ్యి మోచేతి దాకా మెషిన్ నోట్లో ఉంది. పక్కనున్న ఇంకో పనివాడు వహీద్ స్విచ్ ఆపేశాడు. చెయ్యి బయటికి తీసినప్పుడు గ్లౌజ్ రాలేదు. అందులోని మూడు వేళ్లూ రాలేదు. కింద ట్రేలోకి దిగుతున్న మంచు గులాబీ రంగుకు మారింది. సూపర్‌వైజర్ సర్దార్ భాయ్ వచ్చి ఇస్తారిని భుజానేసుకుని వ్యాన్ దాకా మోశాడు. మిగిలినవాళ్లు ఆ ట్రే మంచు పారబోసి, మెషిన్ కడిగి, కొత్తది తురిమారు. పదింటికి పిల్లలు వచ్చారు.

ఆదివారం పొద్దున మెషిన్ నోటికి కొత్త జాలి మెరుస్తోంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే, కాకపోతే ఇక్కడ కాలిన చెయ్యి ఒకరిది, ఆకులు పట్టుకున్నది ఇంకొకరు. మూడో కొక్కెం ఖాళీగా ఉంది. రక్తం అంటిన జాకెట్‌ను చెత్తలో వేయించారని వహీద్ చెప్పాడు. 

సోమవారం సర్దార్ భాయ్ ఒక కాగితం తెచ్చాడు. కడప మనిషి, యాభై దాటాయి, ఎవరినీ గట్టిగా ఒక మాట అని ఎరగడు. ఆ రోజు కాగితం మీదే కళ్లు పెట్టి చదివి, తెలుగులో చెప్పాడు. డ్యూటీ టైమ్‌లో ఏడో నంబరు మనిషి మంచు మీద ఒంటిచక్రం సైకిల్ తొక్కుతూ ఆటలాడి పడ్డాడని, ఆ పడటంలో చెయ్యి మంచు మోసే ఇనుప బండి కింద నలిగిందని, కెమెరాలో ఆరూ ఇరవైకి అంతా ఉందని రాశారు. మెషిన్ ఊసే లేదు. మెషిన్ రూమ్‌లో కెమెరా లేదు. కింద ఏడుగురూ సంతకం పెట్టాల్సింది ఒక్క మాటకే: ఏడో నంబరు జాకెట్ ఇస్తారిది, ఎవరి జాకెట్ వాళ్లే వేసుకుంటారు.

అది అబద్ధమంటే నెలనెలా పెట్టిన సంతకాలన్నీ అబద్ధాలే. ఆ సంగతి చెప్పడానికి ఒకడు నోరు తెరవాలి, తెరిచినవాడు మర్నాడు ఎయిర్‌పోర్టులో ఉంటాడు. వహీద్ పెట్టాడు. అతని వెనక మిగతావాళ్లు పెట్టారు. పెన్ను లింబాద్రి దగ్గరికి వచ్చింది.  అతను కూడా పెట్టాడు. ఆ రోజంతా తనను తాను తిట్టుకుంటూనే పారతో మంచు పగలగొట్టాడు, అవసరం లేని చోట కూడా పగలగొట్టాడు.

మంగళవారం డ్యూటీ దిగి హాస్పిటల్‌కు పోయాడు. ఇస్తారి మంచం మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కుడిచేతికి మణికట్టు దాకా తెల్లటి కట్టు, అందులోంచి బొటనవేలు, చూపుడువేలు మాత్రం బయటికి ఉన్నాయి. ఒళ్లో ఫోన్, ఫోన్‌లో అతని భార్య గౌరవ్వ. కోరుట్ల దగ్గరి ఊళ్లో ఇంటి అరుగు మీద కూర్చుని బీడీలు చుడుతూనే మాట్లాడుతోంది. అతన్ని గల్ఫ్‌కు పంపిన ఏజెంట్ ఆమెకు ఆ కెమెరా వీడియో పంపించాడు. అది ఆమె దగ్గర ఆగకుండా ఊరంతా తిరిగింది. లింబాద్రి కనపడగానే ఆమె చేతులు ఆగాయి.

"ఓ లింబాద్రి, నువ్వు పక్కన్నే ఉంటివి గద. నలభై ఆరేండ్లొచ్చిన మనిషి చిన్నపోరని లెక్క గిర్ర మీద ఎగురుడేంది? పనిల పోతే పాయె అనుకుందు. ఆటల పోగొట్టుకున్నడంటే నేనెవలికి మొకం జూపియ్యాలె? బిడ్డ సంగీతను కాలేజీల నవ్వుతుండ్రట."

 ఇస్తారి ఎడమచేత్తో కాల్ ఆపేసి ఫోన్ బోర్లా పెట్టాడు. తొక్కింది నేను కాదంటే వింటలేదు, వీపు మీద నీ నంబరే ఉన్నది గద అంటున్నది అన్నాడు. 

"అన్నా, అది నేనే," అన్నాడు లింబాద్రి.

"నాకెర్కలేదా? దిగుమన్నది నేనే గద." ఇస్తారి గొంతులో కోపం లేదు, అదే లింబాద్రికి భరించరాకుండా ఉంది. "నువ్వు పోయి చెప్తవని చూస్తున్న. నిన్నటి సంది."

లింబాద్రి తల దించుకుని, సంతకం కూడా పెట్టిన అన్నా, అన్నాడు. ఇస్తారి కిటికీలోంచి పార్కింగ్ వైపు చూశాడు. వద్దులే తమ్మీ, నీ కొలువు పోతది అని అతను అంటాడని లింబాద్రి మనసులో ఒక మూల ఆశపడ్డాడు. ఆ ఆశకు తర్వాత చాలా సిగ్గుపడ్డాడు. ఇస్తారి ఆ మాట అనలేదు.

"పో. చెప్పు," అన్నాడు.

బుధవారం చెప్పాడు. మేనేజర్ ఆఫీసు మాల్ పైఅంతస్తులో ఉంటుంది. సర్దార్ భాయ్ పక్కన నిలబడి లింబాద్రి తెలుగును హిందీ చేశాడు. ఆ పొద్దు తొక్కింది నేను, వేసుకున్నది ఏడో నంబరు, ఇస్తారి వేసుకున్నది నా మూడో నంబరు, చెయ్యి పోయింది మెషిన్లో. నాలుగు ముక్కలే. రాత్రంతా వాటినే లోపల లోపల చదువుకున్నాడు. మేనేజర్ విన్నాడు, కోప్పడలేదు. సొరుగులోంచి సోమవారం నాటి కాగితం తీసి లింబాద్రి సంతకం మీద వేలు పెట్టాడు. అప్పుడు రాసింది అబద్ధమా, ఇప్పుడు చెప్పేది అబద్ధమా అని అడిగాడు. స్నేహితుడి కోసం అబద్ధం ఆడటం మంచి గుణమే, కానీ ఆ సైకిల్ తొక్కడం నీ వల్ల అవుతుందా అన్నాడు.

కిందికి దిగారు. ఆ పూట పార్క్ ఖాళీగా ఉంది. లింబాద్రి ఒంటిగిర్ర తెచ్చి గోడను తోశాడు. భయంతో మొదటి రెండుసార్లు పడ్డాడు. మేనేజర్ వాచీ చూసుకున్నాడు. మూడోసారి కళ్లు గోడ మీది కొండల మీద పెట్టి, మిగతా లోకాన్ని వదిలేశాడు. గుడిసె చుట్టూ తిరిగి, జారుడు బండ పక్కన గట్టి మంచు మీదుగా, మలుపు దగ్గర కూడా పడకుండా వచ్చి మేనేజర్ ముందు ఆగి దిగాడు. రుజువైపోయింది, ఇంక కాదనడానికి ఏముందని అతనికి గుండె నిండిపోయింది.

మేనేజర్ అదంతా ఫోన్‌లో తీశాడు. చప్పట్లు కూడా కొట్టాడు. గురువారం సాయంత్రం సెలవుల ప్రోగ్రామ్ ఉంది, పెంగ్విన్ వేషం వేసుకుని ఇలాగే తిరగాలి, పిల్లలు చచ్చేంత నవ్వుతారు, ఇకపై పార పని ఉండదు అన్నాడు. మరి ఇస్తారి సంగతి అని లింబాద్రి అడిగాడు. సర్దార్ భాయ్ ఆ మాటను హిందీ చెయ్యడానికి కొంచెం ఆలస్యం చేశాడు. జవాబు మటుకు వెంటనే వచ్చింది. నువ్వు ఈ రోజు తొక్కావు, శనివారం నువ్వే తొక్కావని ఎక్కడుంది? ఇద్దరికీ వచ్చేమో. మా దగ్గర ఒకరి జాకెట్ ఇంకొకరు వెయ్యరు. రిపోర్టు వెళ్లిపోయింది, రేపు సాయంత్రం అతనికి ఫ్లైట్. స్టోర్‌లోంచి కవర్ కూడా విప్పని కొత్త జాకెట్ తెప్పించి లింబాద్రి చేతిలో పెట్టాడు. వీపు మీద మూడు.

బయటికి వచ్చాక సర్దార్ భాయ్ మెట్ల మీద కూలబడ్డాడు.

"ఒప్పుకో అప్పా. లేదంటే నీక్కూడా టికెట్ తీస్తారు. ఆ జాలి బిగించండని నేను రెండుసార్లు రాసినా. ఆ మాట బయటికి చెప్పే దమ్ము నాకే లేదు, నీకేం చెప్పేది."

 డ్యూటీ టైమైంది. లోపల చలి. కొత్త జాకెట్ తొడుక్కున్నాడు. అది పొడిగా, వెచ్చగా ఉంది. పారతో మంచు ఎత్తుతున్నంతసేపూ ఆ వెచ్చదనం అతన్ని కాలుస్తూనే ఉంది.

గురువారం పొద్దున ఎనిమిదిన్నరకు ఇస్తారి వచ్చాడు. ఊరికి పోయేవాడు కంపెనీ సామాను అప్పజెప్పి, స్టోర్ రిజిస్టర్‌లో వేలిముద్రో సంతకమో పెట్టిపోవాలి. వ్యాన్ కింద ఆగి ఉంది. అతని బ్యాగు భుజానికి అడ్డంగా వేలాడుతోంది. సర్దార్ భాయ్ కొక్కెం మీది ఏడో నంబరు జాకెట్ తీసి బల్ల మీద పెట్టి, రిజిస్టర్‌లో జమ రాశాడు. బూట్లు, గ్లౌజులు అని చదివాడు. గ్లౌజులు అన్నాక ఆగి, ఒక జత అని రాసేశాడు. ఇస్తారి ఎడమచేత్తో వంకరగా సంతకం పెట్టాడు. మూల కుర్చీలో పెంగ్విన్ వేషం తల వాల్చి కూర్చుని ఉంది. ఇస్తారి దాన్ని చూశాడు, ఎవరికని అడగలేదు. అప్పటికే ఎవరో చెప్పి ఉంటారు.

అతను తలుపు అద్దంలోంచి లోపలి తెల్లదనం వైపు చూస్తూ నిలబడ్డాడు. నాలుగేళ్లు ఎత్తి పోసిన మంచు.

"లింబాద్రీ," అన్నాడు. "నేనే తొక్కిన్నంటున్నరు గద. ఎట్ల తొక్కిన్నో ఒక్కసారి జూపియ్యి. చూసి పోత."

 సర్దార్ భాయ్ రిజిస్టర్ మూశాడు. లేచి స్టోర్ వెనక్కి వెళ్లాడు, ఉప్పు బస్తాలు జరిపిన చప్పుడైంది. ఒక నల్ల చెత్త కవర్ పట్టుకొచ్చి బల్ల మీద పెట్టి ముడి విప్పాడు. పాత మూడో నంబరు జాకెట్. కుడిచెయ్యి మోచేతి దాకా పీలికలై, రక్తం ఎండి అట్టకట్టి ఉంది. పారెయ్యమన్నారు అన్నాడు, మూడు అంకె మీద చెయ్యి పెట్టి. మెట్ల వైపు తలుపు దగ్గరికి పోయి అటు తిరిగి నిలబడ్డాడు.

లింబాద్రి ఒంటి మీది కొత్త జాకెట్ విప్పి పెంగ్విన్ ఒళ్లో పడేశాడు. పాతది తొడుక్కున్నాడు. పీలికల్లోంచి కుడిచెయ్యి మోచేతి కింద నుంచి బయటే ఉంది. కోతిటోపీ పెట్టుకోలేదు. ఒంటిగిర్ర తీసుకుని మంచులోకి దిగాడు. ఇస్తారి అతని వెనకే లోపలికి వచ్చి, దంతె ఆనించే చోట నిలబడి, ఎడమచేత్తో గౌరవ్వకు వీడియో కాల్ చేశాడు.

"చూడు. తొక్కేటోడు వాడు. నేనెప్పుడూ చూసేటోన్నే."

లింబాద్రి గోడను తోశాడు. ఆ రోజు అతను తెల్ల కొండల వైపు చూడలేదు. పైకప్పులో కెమెరా ఎక్కడుందో చూసుకుని, సరిగ్గా దాని కిందికి పోయాడు. వీపు కనపడేలా ఒక చుట్టు, మొహం కనపడేలా ఒక చుట్టు తిరిగాడు. చలికి కుడిచెయ్యి మొద్దుబారింది, అయినా దించలేదు. ఎప్పుడూ వచ్చే నవ్వు రాలేదు. ఇక్కడ ఇదే తన ఆఖరి చుట్టు కావచ్చని అతనికి తెలుసు. పై అంతస్తులో ఎవరో ఈపాటికి కుర్చీలోంచి లేచే ఉంటారు.

ఫోన్‌లో గౌరవ్వ బీడీ ఆకుల చాట పక్కకు పెట్టింది. గా అంగీ చెయ్యేంది గట్లున్నది అని అడిగింది. ఇస్తారి నాలుగడుగులు వేసి మెషిన్ రూమ్ తలుపు తోసి, ఫోన్‌ను మెషిన్ నోటి మీద పెట్టాడు. కొత్త జాలి లైటుకు మెరిసింది.

"గది నేనేసుకున్న అంగీ. గీ జాలి ఆ పొద్దు లేదు," అన్నాడు. "పనిలనే పోయింది, గౌరీ."

ఆమె ఏడుస్తుందనుకున్నాడు. ఏడవలేదు. చాలాసేపు ఆ జాలినే చూసింది. తర్వాత, పోరడు ఇంకా తొక్కుతున్నడా అంది. ఇస్తారి ఫోన్‌ను మళ్లీ మంచు వైపు తిప్పాడు. లింబాద్రి మలుపు దగ్గర ఊగుతున్నాడు, చాచిన చేతుల్లో ఒకటి బోసిగా ఎర్రబడి ఉంది.

"దిగుమను," అంది గౌరవ్వ. "పడ్తడు."

ఇస్తారి కట్టు కట్టిన చెయ్యి పైకెత్తి దిగమని ఊపాడు. లింబాద్రి చూశాడు. తలూపి, ఇంకొక్క చుట్టు అన్నట్టు వేలు చూపించి, కెమెరా కిందికి పోయాడు. తలుపు అవతల మెట్ల మీద బూట్ల చప్పుడు దిగి వస్తోంది. సర్దార్ భాయ్ తలుపుకు అడ్డంగా నిలబడే ఉన్నాడు.